ఎమర్జెన్సీ డిస్పాచర్ అవ్వాలంటే: అప్లికేషన్ నుంచి మొదటి సోలో షిఫ్ట్ దాకా

డిస్పాచర్ అంటే ఎమర్జెన్సీ నంబర్‌కి వచ్చే కాల్స్ అందుకుని పోలీసు, ఫైర్, అంబులెన్స్ బండ్లు పంపేవాడు. ఫోన్ ఎత్తగానే మనం ముందు తెలుసుకోవాల్సింది "ఏమైంది" అని కాదు, "ఎక్కడ" అని. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే ఈ ఉద్యోగం సగం అర్థమైనట్టే. ఎందుకంటే లైన్ ఏ క్షణంలోనైనా కట్ అవ్వొచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు, పక్కనుంచి ఎవరో ఫోన్ లాక్కోవచ్చు, అప్పుడు చేతిలో అడ్రస్ ఉంటే ఏమైందో తెలీకపోయినా ఒక బండి పంపొచ్చు, అదే కథంతా తెలిసి అడ్రస్ లేకపోతే ఎవర్నీ ఎక్కడికీ పంపలేం. (కొన్ని అంబులెన్స్ సర్వీసుల్లో "ఊపిరి ఆడుతోందా" అని ముందు అడుగుతారు, కానీ ఆ వెంటనే అడ్రసే.) నేను చాలా ఏళ్లుగా హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటున్నా, కొత్తగా చేరినవాళ్లకి పక్కన కూర్చుని పని కూడా నేర్పిస్తున్నా. ఈ లైన్‌లోకి ఎలా రావాలి అని అడిగినవాళ్లకి విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నా. దేశాన్ని బట్టి రూల్స్ మారతాయి గానీ పని మాత్రం ఎక్కడైనా ఒకటే.

అసలు ఈ ఉద్యోగం ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకోండి, తర్వాత చెప్పేవన్నీ దాన్నుంచే వస్తాయి. 1935 నవంబర్‌లో లండన్‌లో వింపోల్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు తగలబడి ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు, ఎదురింటాయన ఫైర్ వాళ్లకోసం ఫోన్ చేస్తే ఎక్స్‌ఛేంజ్‌లో మామూలు కాల్స్‌తోపాటు ఆయన కాల్ కూడా క్యూలో ఉండిపోయింది. ఆయన కోపంతో పేపర్‌కి ఉత్తరం రాశాడు, దాని మీద విచారణ జరిగింది, 1937 జూన్ 30న లండన్‌లో 999 అనే ఎమర్జెన్సీ నంబర్ మొదలైంది. అమెరికాలో మొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో చేశారు. ఇప్పుడు యూరప్ అంతా 112, భారత్‌లో కూడా అన్నిటికీ కలిపి 112. నంబర్ ఏదైనా దాని వెనకున్న మాట ఒకటే, ఆపదలో ఉన్న మనిషి క్యూలో ఉండకూడదు. అమెరికాలో ఈ కాల్స్ అందుకునే సెంటర్లు పాటించే ప్రమాణం ప్రకారం వచ్చిన కాల్స్‌లో 90 శాతం 15 సెకన్లలోపు ఎత్తాలి. మీరు అప్లై చేస్తున్నది ఆ 15 సెకన్ల కుర్చీకి.

ఇక మొదటి స్టెప్, మీకు ఏ కుర్చీ కావాలో తేల్చుకోండి. బయటివాళ్లకి అంతా ఒకటే అనిపిస్తుంది గానీ లోపల రెండు పనులున్నాయి. కాల్ టేకర్ ఫోన్‌లో మాట్లాడతాడు, వివరాలు రాబడతాడు, బండి వచ్చేలోపు ఏం చెయ్యాలో చెప్తాడు. డిస్పాచర్ రేడియో దగ్గర ఉంటాడు, ఏ బండి ఖాళీగా ఉంది, ఏది దగ్గర, ఎవర్ని పంపాలి, ఒకరిని పంపితే ఆ ఏరియాకి తర్వాత ఎవరు అన్నది చూస్తాడు. పెద్ద సెంటర్లలో ఇవి వేరువేరు, చిన్న సెంటర్లలో రాత్రిపూట ఒక్కరే రెండూ చేస్తారు. ఎక్కువమంది ముందు కాల్ టేకర్‌గా చేరి తర్వాత రేడియోకి వెళ్తారు, నాకూ అదే మంచి దారి అనిపిస్తుంది, ఎందుకంటే ఫోన్‌లో భయం ఎలా వినిపిస్తుందో తెలిసినవాడే రేడియోలో ఆ కాల్‌ని సరిగ్గా తూకం వేస్తాడు.

రెండోది, అప్లై చేసేముందు ఇంట్లోనే మిమ్మల్ని మీరు టెస్ట్ చేసుకోండి. చాలామంది "నేను బాగా మాట్లాడతా, ఎవరితోనైనా కలిసిపోతా" అని వస్తారు, కానీ ఇది మాట్లాడే పని కన్నా వినే పని. ఒక వార్తల ఆడియో పెట్టుకోండి, పాజ్ చెయ్యకుండా అందులోని పేర్లు, నంబర్లు, ఊళ్లు టైప్ చెయ్యండి, అదే టైమ్‌లో ఇంట్లో ఎవర్నైనా పక్కన నిలబెట్టి మధ్యమధ్యలో ఏదోటి అడగమనండి, వాళ్లకి జవాబు చెప్తూ టైపింగ్ ఆగకూడదు. మొదటి రోజు మీ మీద మీకే విసుగొస్తుంది. రెండు మూడు వారాలు రోజూ పావుగంట చేస్తే తేడా తెలుస్తుంది, కంట్రోల్ రూమ్‌లో ఒక చెవిలో ఫోన్, ఇంకో చెవిలో రేడియో, వెనకనుంచి సూపర్‌వైజర్ గొంతు, ఇవన్నీ ఒకేసారి ఉంటాయి, చెవిని రెండుగా చీల్చుకోవడం అంటారే అదే ఇది. అమెరికాలో చాలా సెంటర్లు క్రిటికాల్ అనే కంప్యూటర్ టెస్ట్ పెడతాయి, అందులో కూడా చూసేది ఇదే, వింటూ టైప్ చెయ్యడం, నంబర్లు గుర్తుపెట్టుకోవడం, మ్యాప్ చదవడం, ఏది ముందో తేల్చడం. టైపింగ్ స్పీడ్ నిమిషానికి 40 పదాల దాకా తెచ్చుకోండి, అంతకన్నా ముఖ్యం తప్పు లేకుండా కొట్టడం, ఇంటి నంబర్‌లో ఒక అంకె అటూఇటూ అయితే ఫైర్ ఇంజన్ పక్క వీధికి పోతుంది.

దీంతోపాటు ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అంటూ సాగే అక్షరాల లిస్ట్ మొత్తం నోటికి రావాలి, 1956 నుంచి ప్రపంచమంతా వాడుతున్నది ఇదే. బి, డి, పి, టి ఇవన్నీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి కదా, బండి నంబర్లు తప్పిపోయేది ఇక్కడే. రోడ్డు మీద వెళ్తున్నప్పుడు కనిపించిన ప్రతి నంబర్ ప్లేట్‌నీ మనసులో ఇలా చదువుకుంటూ పోతే వారంలో వచ్చేస్తుంది.

అర్హతల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చాలా చోట్ల స్కూల్ చదువు పూర్తయితే చాలు, డిగ్రీ ఉంటే తర్వాత ప్రమోషన్లకి పనికొస్తుంది. వినికిడి పరీక్ష, పోలీస్ వెరిఫికేషన్, సైకాలజీ టెస్ట్, కొన్ని చోట్ల డ్రగ్ టెస్ట్ ఉంటాయి, అప్లై చేసినప్పట్నుంచి కుర్చీలో కూర్చునే దాకా నెలలు పడుతుంది, కాబట్టి చేతిలో ఉన్న ఉద్యోగం అప్పుడే వదిలెయ్యకండి. ఫారంలో ఏదీ దాచొద్దు. చిన్న పాత తప్పు ఉంటే చెప్పేస్తే ఒక్కోసారి సర్దుకుపోతారు గానీ దాచి దొరికితే అక్కడితో అయిపోయినట్టే. ఇంకో భాష వస్తే కచ్చితంగా రాయండి, భయపడ్డ మనిషి సొంత భాషలోకే వెళ్లిపోతాడు, అది అర్థమయ్యేవాళ్లు రూమ్‌లో ఉంటే ఆ షిఫ్ట్ మొత్తానికి బలం.

అనుభవం ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి అంటే, కస్టమర్ కేర్, హాస్పిటల్ రిసెప్షన్, హోటల్ ఫ్రంట్ డెస్క్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బండ్లు పంపే పని, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి, కోపంగా ఉన్న మనిషితో ఫోన్‌లో మాట్లాడి పని జరిపించిన అనుభవం ఏదైనా సరే. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) కోర్స్ ఒకటి చేసెయ్యండి, బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కినవాడికి, ఎప్పుడూ నొక్కనివాడికి, ఫోన్‌లో చెప్పేటప్పుడు గొంతులోనే తేడా తెలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా మీ దగ్గర్లోని సెంటర్‌కి రాసి ఒక షిఫ్ట్ పక్కన కూర్చుని చూడనిస్తారా అని అడగండి, చాలా సెంటర్లు ఒప్పుకుంటాయి. ఒక రాత్రి కూర్చున్నాక ఇది నాకు కాదు అని తెలిస్తే అది ఓటమి కాదు, ఆర్నెల్ల ట్రైనింగ్ తర్వాత తెలియడం కన్నా నయం.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న, "ఒకేసారి రెండు కాల్స్ వచ్చి ఒక్క బండే ఉంటే ఏం చేస్తారు" అని. దీనికి హీరో జవాబు చెప్పొద్దు. ప్రాణం పోయే ప్రమాదం ఎక్కడుందో ప్రోటోకాల్ ప్రకారం తేలుస్తా, పక్క ఏరియా నుంచి ఇంకో బండి అడుగుతా, సూపర్‌వైజర్‌కి చెప్తా, రెండో కాలర్‌ని లైన్‌లో వదిలెయ్యను, ఇలా వరసగా చెప్పండి. ఇంకోటి, మీరు చేసిన తప్పు ఒకటి చెప్పమంటారు. నిజమైనదే చెప్పండి, తప్పు తెలిశాక మీరేం చేశారన్నదే వాళ్లు చూస్తారు, తప్పుని దాచేవాళ్లంటేనే కంట్రోల్ రూమ్‌లో అందరికీ భయం.

ఇప్పుడు ట్రైనింగ్, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. ముందు కొన్ని వారాలు క్లాస్, తర్వాత నెలల తరబడి ట్రైనర్ పక్కన కూర్చుని నిజం కాల్స్. క్లాసులో మీకిచ్చే ప్రశ్నల కార్డుల వెనక ఒక కథ ఉంది, 1970ల చివర్లో సాల్ట్ లేక్ సిటీలో జెఫ్ క్లాసన్ అనే డాక్టర్, ఎవరు ఎత్తినా ఒకే ప్రశ్నలు ఒకే వరసలో అడిగేలా కార్డులు తయారుచేశాడు. అంతకుముందు బండి ఎటూ వస్తుంది కదా అని ఫోన్ పెట్టేసేవాళ్లు, ఈ కార్డులతో డిస్పాచర్ చెప్పే మాటలే మొదటి వైద్యం అయ్యాయి. కొత్తలో చాలామందికి స్క్రిప్ట్ చదవడం నామోషీగా ఉంటుంది, నా సొంత మాటల్లో చెప్తే బాగుంటుంది కదా అనిపిస్తుంది. వద్దు. రాత్రి మూడింటికి, పదో గంట డ్యూటీలో, అవతల ఒక తల్లి కేక పెడుతున్నప్పుడు మీ సొంత మాటలు మీకు దొరకవు, కార్డ్ దొరుకుతుంది.

గుండె ఆగిన కాల్ తీసుకోండి. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది, కాబట్టి మీరు తేల్చాల్సినవి రెండే, స్పృహలో ఉన్నాడా, ఊపిరి మామూలుగా ఆడుతోందా. ఆ "మామూలుగా" అన్న మాట దగ్గరే అందరూ బోల్తా పడతారు. గుండె ఆగిన కొత్తలో మనిషి అప్పుడప్పుడు నోరు తెరిచి గురకలాగా, ఎక్కిళ్లలాగా గాలి లాగుతాడు, చూసేవాళ్లు "ఊపిరి ఆడుతోందండీ" అంటారు, కానీ అది ఊపిరి కాదు. అందుకే ప్రతిసారీ ఛాతీ పైకి లేచినప్పుడు "ఇప్పుడు" అని చెప్పమనండి, ఆ రెండు "ఇప్పుడు"ల మధ్య ఎంత గ్యాప్ ఉందో మీరే వినండి. గ్యాప్ ఎక్కువుంటే ఆలోచించొద్దు, నొక్కించడం మొదలుపెట్టండి. కొంతమందికి గుండె ఆగిన వెంటనే ఫిట్స్‌లాగా కూడా వస్తుంది, దాన్ని చూసి మోసపోకండి, కదలిక ఆగాక ఊపిరి గురించి మళ్లీ అడగండి.

చెప్పే తీరు ఇలా ఉండాలి. "అమ్మా, ఆయన్ని వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టండి. పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. ఛాతీ మధ్యలో ఒక అరచెయ్యి పెట్టి దాని మీద రెండో చెయ్యి పెట్టండి. గట్టిగా, స్పీడ్‌గా నొక్కండి, నాతోపాటు లెక్కపెట్టండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు." పెద్దవాళ్లకైతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా. అవతలి మనిషికి సెంటీమీటర్లు చెప్పొద్దు, ఆ లెక్క మీ గొంతులోని స్పీడ్‌లో ఉండాలి. "నా వల్ల కాదండీ, చనిపోయాడేమోనండీ" అని ఏడుస్తారు. అప్పుడు వాదించకండి, ఓదార్పు మాటలు కూడా ఎక్కువొద్దు, "ఆయనకోసం మీరు చెయ్యాలి, నాతోపాటు లెక్కపెట్టండి" అని అదే వాక్యం, అవే మాటలు, అదే గొంతుతో మళ్లీ మళ్లీ చెప్పండి. నాలుగోసారికో ఐదోసారికో వాళ్ల చెవికి చేరుతుంది. గొంతు పెంచితే వాళ్లూ పెంచుతారు, మాటలు మారిస్తే మళ్లీ మొదట్నుంచి వినాల్సొస్తుంది. "శాంతంగా ఉండండి" అని మాత్రం ఎప్పుడూ అనొద్దు, ఆ మాటతో శాంతించినవాళ్లని నేను చూళ్లేదు, వాళ్ల చేతికి పని ఇస్తే వాళ్లంతట వాళ్లే కుదురుకుంటారు.

పిల్లలు ఫోన్ చేస్తారు, వాళ్ల కాల్సే ఒక్కోసారి అన్నిటికన్నా బాగుంటాయి, ఎందుకంటే చెప్పింది చెప్పినట్టు చేస్తారు. "నాన్నా, తలుపు తీసి పెట్టి మళ్లీ ఫోన్ దగ్గరికి రా" అంటే వెళ్లి తీసి వస్తారు. ఇంకోవైపు అసలు మాట్లాడని కాల్స్ ఉంటాయి. సైలెంట్‌గా ఉంది కదా అని పెట్టెయ్యకండి. ఇంట్లో కొట్టేవాడు పక్కనే ఉండుండొచ్చు. అవును కాదు జవాబులొచ్చే ప్రశ్నలే అడగండి, నోరు విప్పలేకపోతే మైక్ మీద తట్టమనండి, బ్రిటన్‌లో అయితే మొబైల్ నుంచి చేసి మాట్లాడలేనివాళ్లు 55 నొక్కితే పోలీసులకి కలుపుతారు. వెనక వినిపించేవన్నీ రాసుకోండి, టీవీ, కుక్క, రైలు, తలుపు చప్పుడు, అన్నీ.

లొకేషన్ గురించి ఒక హెచ్చరిక. ఇప్పుడు ఫోన్ దానంతటదే లొకేషన్ పంపే పద్ధతి వచ్చింది, బ్రిటన్‌లో 2014లో మొదలై చాలా దేశాలకి పాకింది, టవర్‌ని బట్టి చూసే పాత లెక్క కన్నా చాలా మెరుగు. అయినా స్క్రీన్ మీద చుక్క కనిపించింది కదా అని అడగడం మానొద్దు. ఆ చుక్క ఏ బిల్డింగో చెప్తుందేమో గానీ ఎన్నో అంతస్తో చెప్పలేదు. హైవే మీద అయితే ఎటు వెళ్తున్నారు, చివరగా దాటిన బోర్డు మీద ఏముంది, కిలోమీటర్ రాయి కనిపిస్తోందా అని అడగండి, డివైడర్‌కి అవతలి వైపు బండి పంపితే తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పోతాయో ఒకసారి జరిగితే మీకే తెలుస్తుంది. అడ్రస్ రెండుసార్లు చెప్పించుకోండి, "అదేనా, కరెక్టేనా" అని మీరు చదివి వినిపిస్తే అన్నిటికీ అవునంటారు, అందుకే వాళ్లచేతే మళ్లీ చెప్పించాలి.

రేడియోకి వెళ్లాక పద్ధతి మారుతుంది, అక్కడ మాట ఎంత తక్కువైతే అంత మంచిది. బటన్ నొక్కేముందు వాక్యం మనసులో పూర్తవ్వాలి. ఏ యూనిట్ (అంటే బండి, దాని క్రూ), ఎక్కడికి, ఏంటి, అక్కడ ప్రమాదం ఏముంది, అంతే. ఆ నాలుగోది మర్చిపోకండి, ఇంట్లో కత్తి ఉందని కాలర్ చెప్పింది మీరు క్రూకి చెప్పకపోతే వాళ్లు ఒట్టి చేతులతో తలుపు తడతారు. స్పాట్‌కి చేరిన యూనిట్ కాసేపటి దాకా పలక్కపోతే మీరే పిలవండి, జవాబు రాకపోతే ఇంకోసారి పిలిచి వెంటనే వెనక ఇంకో యూనిట్‌ని పంపండి. రోడ్డు మీదున్నవాళ్ల ప్రాణానికి మీరే కాపలా, కొత్తవాళ్లకి నేను మొదటి రోజే చెప్పేది ఇదే.

షిఫ్టులు చాలా చోట్ల 12 గంటలు, రాత్రులు, పండగలు, అన్నీ ఉంటాయి. నిద్రకి చీకటి గది ఏర్పాటు చేసుకోండి, ఇంట్లోవాళ్లకి ముందే అర్థమయ్యేలా చెప్పండి. నడుము, మణికట్టు, కళ్లు, వీటి గురించి ముప్పై ఏళ్ల వయసులోనే జాగ్రత్తపడండి.

మనసు సంగతికొస్తే, ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం ఘోరాలు వినడం అనుకుంటారు, నాకైతే చివర తెలీకపోవడం ఎక్కువ కష్టం. బండి చేరుతుంది, క్రూ గొంతు వినిపిస్తుంది, లైన్ కట్, అప్పటికే ఇంకో లైన్ మోగుతుంటుంది. ఆ పిల్లాడు బతికాడో లేదో చాలాసార్లు మనకి ఎవరూ చెప్పరు. నేను చాలా కాలం అడగడమే బలహీనత అనుకున్నా, అది తప్పు, ఇప్పుడు కొత్తవాళ్లకి చెప్తున్నా, సూపర్‌వైజర్‌ని అడగండి, చెప్పగలిగితే చెప్తారు, చెప్పలేకపోయినా మీకు ఆ కాల్ బరువుగా ఉందని వాళ్లకి తెలుస్తుంది. బరువైన కాల్ తర్వాత పది నిమిషాలు హెడ్‌సెట్ తీసి బయటికెళ్లే హక్కు మీకుంది. నిద్ర పట్టకపోవడం, ఇంట్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, కొన్ని వీధుల్లోకి వెళ్లాలంటేనే ఇష్టం లేకపోవడం, ఇవి వారాల తరబడి ఉంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చెయ్యొద్దు. అమెరికా ప్రభుత్వం అన్ని రకాల ఉద్యోగాలనీ వర్గాలుగా విడగొట్టిన లిస్టులో ఈ పనిని ఆఫీస్ క్లర్కుల వర్గంలోనే పెట్టారు, పోలీసు, ఫైర్ వాళ్లతో కలిపి కాదు, దాని గురించి డిస్పాచర్లు ఎన్నో ఏళ్లుగా పోరాడుతున్నారు, నాకు కూడా అది అన్యాయం అనిపిస్తుంది. ఫోన్‌లో ప్రసవం చేయించినవాళ్లని క్లర్క్ అనడం ఏంటి. కాలిఫోర్నియాలో పాట్రీషియా అండర్సన్ అనే ఆవిడ 1981లో డిస్పాచర్ల కోసం ఒక వారం మొదలుపెట్టింది, ఇప్పటికీ ఏటా ఏప్రిల్ రెండో వారంలో జరుపుకుంటారు. మీ సెంటర్‌లో లేకపోతే మీరు మొదలుపెట్టండి.

రెండు మూడేళ్లు నిలబడ్డాక దారులు తెరుచుకుంటాయి. ట్రైనర్ అవ్వొచ్చు, రికార్డ్ అయిన కాల్స్ విని మార్కులేసే క్వాలిటీ టీమ్‌కి వెళ్లొచ్చు, షిఫ్ట్ సూపర్‌వైజర్, మ్యాప్‌లు, కాల్స్, బండ్ల వివరాలు ఎక్కించే క్యాడ్ సాఫ్ట్‌వేర్ చూసే టెక్నికల్ వైపు, ఎయిర్ అంబులెన్స్ డెస్క్, ఇలా. సర్టిఫికెట్లు గడువు దాటకుండా చూసుకోండి, మెడికల్ డిస్పాచ్ సర్టిఫికెట్ లాంటివి రెండేళ్లకోసారి రెన్యూ చెయ్యాలి, దానికి క్లాసుల గంటలు లెక్క చూపించాలి. నా సలహా అడిగితే ట్రైనర్ వైపు వెళ్లేముందు కొన్నాళ్లు క్వాలిటీలో కూర్చోండి, మీ సొంత కాల్స్ బయట మనిషిలాగా వింటే ఎంత తొందరపడ్డారో తెలుస్తుంది.

చివరగా మీ మొదటి సోలో షిఫ్ట్. అరగంట ముందు వెళ్లండి, దిగిపోయేవాళ్ల దగ్గర పెండింగ్ ఉన్నవి, మూసేసిన రోడ్లు, రిపేర్లో ఉన్న బండ్లు అన్నీ నోట్ చేసుకోండి. హెడ్‌సెట్, రేడియో ఛానల్ చెక్ చెయ్యండి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి కూర్చోండి. ఖాళీ పేపర్ కార్డులు, రెండు పెన్నులు చేతికందేలా పెట్టుకోండి, క్యాడ్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది, ఫోన్లు మాత్రం ఆగవు. అప్పుడు ఒక్కో కాల్‌కి ఒక్కో కార్డ్, పైన టైమ్, కింద అడ్రస్, దాని కింద ఏమైంది, పంపిన యూనిట్ నంబర్, బయల్దేరిన టైమ్, చేరిన టైమ్. సిస్టమ్ తిరిగొచ్చాక అన్నీ ఎక్కించండి, కార్డులు మాత్రం పారెయ్యకండి, సూపర్‌వైజర్ చేతికివ్వండి.